ఒక అంచుకే జిగురు

మద్దిలపాలెంలో నా జెరాక్స్ కొట్టు.
కరెంటు పోయి వచ్చిన పది నిమిషాలకి
తడిసిన పెన్‌డ్రైవుని చున్నీతో తుడిచి ఇచ్చింది నీలార్.
"నాలుగొందల కాపీలు అన్నా. బిల్లు వద్దు."
యూనివర్సిటీ మెస్సులో నేర్చుకున్న తెలుగు,
పప్పు వాసన ఇంకా పోలేదు దానికి.

తెర మీద అక్షరాలు విచ్చుకున్నాయి.
ఒక్క ముక్క తెలియదు,
అయినా కళ్ళద్దాలు మార్చుకుంటే చదివేస్తానేమో అనిపించింది.
మన సున్నా ఉంది. మన ఠకి మేనత్త కూతురుంది.
సగం కొరికిన జంతికలు వరసగా పేర్చినట్టు
బర్మా వాళ్ళ కోపం
ఎక్కడా కోసుగా లేదు.

మూడోరోజు మఫ్టీలో ఒకాయన వచ్చి
ట్రేలోంచి కాగితం తీసి తలకిందులుగా చూశాడు.
"ఏ భాషయ్యా ఇది?"
"ఒడియా సార్. బరంపురం పెళ్ళి."
శుభం అన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు.
ఆ పూట నా చేతులు మెషిన్ కన్నా వేడిగా ఉన్నాయి.

బర్మా క్యాంపులో అచ్చియ్యమ్మ వెనకగది వాళ్ళకి అద్దె.
రంగూన్‌లో పుట్టి, తొమ్మిదేళ్ళప్పుడు
రేకుపెట్టె మీద కూర్చుని ఓడలో ఈ ఒడ్డుకొచ్చిన మనిషి.
సాయంత్రాలు ఖౌస్వే అమ్ముతుంది.
"మా యమ్మ సెవి కమ్మలు రేవు కాడే వలిసేసుకున్నారు బాబూ.
ఈ గుంటలు గెలిత్తే నాకు ఇప్పిత్తారేటి?"
అంటూనే పదకొండు గిన్నెల్లో
వేయించిన ఉల్లిపాయ ఎవరికీ తగ్గకుండా చల్లింది.

కాపీలు దింపడానికి వెళ్ళి
ఆదివారం వాళ్ళ ఎన్నిక చూశాను.
అధ్యక్షుడు ఎవరన్నదే కాదు తగువు,
కరపత్రంలో ఒక మాట ఉండాలా వద్దా అని మూడు గంటలు.
కొండ జాతుల పిల్లలు ఉండాలన్నారు,
మైదానం వాళ్ళు ఇప్పుడే ఎందుకన్నారు.
ఒకడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.
చివరికి పాల క్యాను తెచ్చి మూత తీశారు:
చింతపిక్క అయితే అవును, శనగగింజ అయితే కాదు.
ఒక్కొక్కరూ చెయ్యి లోపల పెడుతుంటే
మిగతావాళ్ళంతా కిటికీలోంచి కొబ్బరిచెట్టుని చూశారు,
ఎవరూ అడక్కుండానే.

ఆరు చింతపిక్కలు. అయిదు శనగలు.
ఓడిపోయిన ఫ్యో తెట్
అరుగు మీద ఒక సిగరెట్టుసేపు కూర్చుని
లోపలికొచ్చి పోస్టర్ల మైదాపిండి ఉడకబెట్టాడు.
ఖౌస్వే చల్లారిపోయింది.
అచ్చియ్యమ్మ తిట్టింది, రెండు భాషల్లోనూ.

నా సంగతి చెబుతాను.
మొన్న మునిసిపల్ ఎన్నికలకి
క్యూ పొడుగ్గా ఉందని
స్కూలు గేటు దగ్గరనుంచే తిరిగొచ్చి పడుకున్నాను.
ఇది వాళ్ళకి చెప్పలేదు.

బీచి రోడ్డులో ఇరవై నిమిషాలకి అనుమతి దొరికింది.
పదకొండుమంది, ఒక బ్యానరు.
మురీమిక్చర్ బండివాడు ఏ సబ్బు ప్రచారమో అనుకున్నాడు.
ఒక పాప బెలూనుతో వచ్చి వాళ్ళ వరసలో నిలబడింది,
తల్లి లాక్కెళ్ళేదాకా.

మంగళవారం చిట్ కో ఒక్కడే వచ్చాడు.
దేశదేశాల రాయబారులకి పంపే అర్జీలో
అందరి పేర్లూ సంతకాలూ ఉన్న చివరి కాగితం తెచ్చాడు.
"అన్నా, ఒకటి తీసెయ్యాలి. ఏడోది."
ఊళ్ళో అన్నని తీసుకుపోయారట, అర్ధరాత్రి, చెప్పుల్లేకుండా.
చెప్పుల సంగతే రెండుసార్లు చెప్పాడు.
నీలార్‌కి తెలుసా అంటే
ఆమే పంపిందన్నాడు.

తెల్లకాగితం సన్నగా కత్తిరించి
ఏడో పేరు మీద కప్పాను.
కాపీ తీస్తే పేరు లేదు,
ముక్క అంచు మాత్రం వెంట్రుకంత గీతై పడింది.
మెషిన్‌లో వెలుతురు ఎంత పెంచినా పోలేదు.
చిట్ కో ఆ గీతని వేలితో తుడిచాడు,
మసి అనుకుని.

డబ్బులు తీసుకోలేదు. అతనూ బలవంతపెట్టలేదు.
అసలు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే చెప్పాను:
"జాగ్రత్త, ఊడొస్తుంది.
ఒక అంచుకే జిగురు రాశాను."